నవ్వించినవాడి మీద గంటన్నర ఏడుపు

ఊరికి పోవడానికి కంపెనీ సెలవివ్వలేదని, మా రూములో ఉండే జగిత్యాల మల్లేశు గురువారం నుంచి ముద్ద ముట్టలేదు. కాస్త నవ్విద్దామని ఈ శుక్రవారం, గల్ఫులో మేముండే హమ్రియా రూములో, మనందరినీ నవ్వించి పోయిన ఓ హాస్యనటుడి మీద తీసిన డాక్యుమెంటరీ పెట్టాను. మా చిన్నప్పుడు సినిమాకు ముందు వేసే డాక్యుమెంటరీల్లో వరదలు చూపించేవారు. ఇందులోనూ వరదలే, కాకపోతే కన్నీళ్ళవి. ఒక్క కామెడీ సీను లేదు. ప్రముఖులు వరసగా వచ్చి, వెనక వయొలిన్ మోగుతుండగా, "ఎంత నవ్వించేవాడో!" అంటూ వెక్కివెక్కి ఏడ్చారు.

అయిపోయాక మల్లేశు నావైపు తిరిగి, "కాకా, ఆయనకంటె నేనే నయం. నాకు సెలవే పోయింది, పాణం పోలే," అని పకపకా నవ్వి, పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

తీసినవాళ్ళకు దణ్ణం పెట్టాలా, తిట్టాలా? మీరే చెప్పండి. రేపు నా మీద ఎవరైనా తీస్తే మాత్రం, ఆ వయొలిన్ ఆయనకు సెలవిప్పించండి.