మావయ్య గడ్డి బండి

మొన్న పొద్దున నడకకి వెళ్లేసరికి మా ఇంటి దగ్గర పార్కులో గడ్డి కోస్తున్నారు. రాత్రి వాన పడింది. కోసేవాడు చిన్న ట్రాక్టర్ లాంటి బండెక్కి హాయిగా తిరుగుతున్నాడు గానీ, బండి వెనకాల తడిగడ్డి ముద్దలు ముద్దలుగా పడిపోతోంది. నడిచేవాళ్ల బూట్లకి అంటుకుని అది సిమెంటు బాట మీదికి కూడా వచ్చేసింది. అందరూ విసుక్కుంటూ పక్కకి తప్పుకుంటున్నారు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. కోసిన పచ్చిక వాసన అంటే ఎవరికి ఏం గుర్తొస్తుందో నాకు తెలియదు. నేను గవర్నర్‌పేటలో మేడల మధ్య, స్కూటర్ల పొగ మధ్య పెరిగినదాన్ని. గడ్డి వాసన నా బాల్యంలో లేదు. అది నా జీవితంలోకి వచ్చింది నడివయసు దగ్గరపడ్డాక, పామర్రులో, మా మేనత్తగారింట్లో గడిపిన ఒక శ్రావణ మాసంలో.

ఆ ఏడు నాకు పామర్రు హైస్కూలుకి బదిలీ అయింది. రోజూ విజయవాడ నుంచి బస్సులో వచ్చిపోవడం నా నడుం వల్ల కాక, వారంలో అయిదు రోజులూ అత్తయ్య దగ్గరే ఉండేదాన్ని. ఊరు దాటాక రోడ్డుకి ఒకవైపు వాళ్ల ఇల్లు, ఎదురుగా రెండోవైపు వాళ్ల చేను. వరి తప్ప ఇంకో పైరు ఎరగని చేను అది. అత్తయ్య కాపురానికి వచ్చిన ఏడాది ఆ చేనే వీళ్లని నిలబెట్టిందని మా నాన్న చెప్పేవారు. నేను వెళ్లేసరికి ఆ చేను లేదు. మావయ్య దాన్ని మెరక చేయించి, చాపల్లా చుట్టలు చుట్టి తెచ్చే పచ్చిక పరిపించి, చుట్టూ లైటు స్తంభాలు పాతించి పెళ్లిళ్లకి అద్దెకిచ్చే లాన్ చేసేశాడు. జన్మంతా చేలో గడ్డి పీకించిన మనిషి, ఇప్పుడు అదే గడ్డికి పైపు పట్టుకుని నీళ్లు పెడుతుంటే దారినపోయే రైతులు సైకిళ్లు ఆపి మరీ చూసేవారు. మావయ్య వాళ్లకేసి చెయ్యి ఊపేవాడు. సిగ్గుపడటం ఆయనకి చేతకాదు.

ఆయనకి చేతకానిది ఇంకొకటుంది, అత్తయ్య ముఖం చూసి ఆ లాన్ గురించి మాట్లాడటం. మెరక మట్టి లారీలు వచ్చిన రోజున అత్తయ్య ఒకే ఒక్క మాట అన్నదట, “అన్నం పెట్టిన చేనండీ” అని. ఆ తరవాత మళ్లీ ఎత్తలేదు. అలాగని అలిగి మాట్లాడటం మానేసిందీ లేదు. ఇద్దరూ బీపీ మాత్రల గురించి, బెండకాయల లేతదనం గురించి, మా చుట్టాల్లో ఎవరి కోడలు ఎలాంటిదన్న దాని గురించి శుభ్రంగా మాట్లాడుకునేవారు. చేను మాట వచ్చిందా, అత్తయ్యకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి. వీధి వరండాలో తన కుర్చీని రోడ్డు కనపడకుండా పెరటి వైపు తిప్పి వేసుకుంది. ఏడాది దాటినా రోడ్డు దాటి అటు అడుగు పెట్టలేదు.

గడ్డి బండి ఆషాఢంలో వచ్చింది. హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేసిన పాత బండి. ఎర్ర రంగు, నల్ల సీటు, గుప్పెడంత స్టీరింగు. కూర్చుని నడుపుతుంటే కింద, మూకుడు బోర్లించినట్టున్న ఇనప రేకు లోపల బ్లేడు తిరిగి, గడ్డిని కోసి పక్కనున్న మూతిలోంచి దూరంగా చిమ్ముతుంది. అలా చిమ్మాలి. మావయ్య బండి మాత్రం చిమ్మేది కాదు. గేదె పేడ వేసినట్టు, పోయిన దారి పొడుగునా పచ్చటి ముద్దలు వదిలేది. రెండు రోజులు వాటినలా ఉంచితే కిందనున్న పచ్చిక ఊపిరాడక పసుపుపచ్చగా పాలిపోయేది. ఎత్తి చూస్తే లోపల ఆవిరి, పులిసిన వాసన. మావయ్య బ్లేడు మొద్దుబారిందన్నాడు. దాన్ని ఊడదీసి, కొలిమిలో సాన పట్టించి, తనే మళ్లీ బిగించాడు. ముద్దలు ఇంకా పెద్దవయ్యాయి. విజయవాడ నుంచి మెకానిక్‌ని పిలిపించాడు. అతను బెల్టు మార్చి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఇంజను చప్పుడు విని, “ఈ బండి మన గడ్డికి పడదండీ” అని తీర్పు చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

శ్రావణంలో మొదటి పెళ్లి కుదిరింది. బందరు వైపు చేపల వ్యాపారం చేసుకునే పెద్దమనిషి, కూతురి పెళ్లికి మా మావయ్య మాట మీద, లాన్ కళ్లతో చూడకుండానే ఒప్పుకున్నాడు. పెళ్లి ఇంకో వారం ఉందనగా చూడటానికి వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె. నాలుగడుగులు వేసేసరికి చెప్పులకి పచ్చి ముద్ద అంటుకుంది. చెప్పు గట్టుకి రాసుకుని, “చాలా బావుందండీ. పెళ్లినాటికి ఇదంతా తీయించేస్తారు గదండీ?” అన్నాడు. తిట్టినా మావయ్యకి అంత బాధ ఉండేది కాదు. ఆ మర్యాద ఆయన్ని కుంగదీసింది.

మర్నాటి నుంచి మావయ్య పళ్ల పార పట్టుకుని ఆ ముద్దలన్నీ తనే లాగి గట్టుకి పోయడం మొదలుపెట్టాడు. కూలికి మనుషుల్ని పిలిస్తే ఊరంతా తెలుస్తుందని ఆయన బాధ. చీకటి విడుతూండగానే వెళ్లి, అత్తయ్య పూజ ముగించుకుని వచ్చేలోగా ఏమీ ఎరగనట్టు వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. పంచె అంచు మాత్రం పచ్చగా ఉండేది. అత్తయ్య ఆ పంచెని సబ్బు పెట్టి ఉతికి ఆరేసేది, ఏమీ అడిగేది కాదు. వంటింటి కిటికీలోంచి రోడ్డవతలంతా కనపడుతుందన్న సంగతి మావయ్యకి తట్టలేదో, తట్టనట్టు ఉండిపోయాడో నాకు తెలియదు.

మూడో రోజుకి మావయ్యకి నడుం పట్టేసింది. నేను బడికి బయల్దేరుతూ చూస్తే లాన్ మధ్యలో పార మీద బరువంతా వేసి వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. నేను పరుగెత్తేలోపు నా పక్కనుంచి ఎవరో దాటి వెళ్లారు. అత్తయ్య. చేతికి పిండి, కాళ్లకి చెప్పుల్లేవు. ఏడాది పైగా దాటని రోడ్డు దాటేసింది. నేను బడికి సెలవు చెప్పేశాను.

ఇంటికి రమ్మంటే మావయ్య రానన్నాడు. అక్కడే మడత మంచం వేసి పడుకోబెట్టి, నడుం కింద వేడి ఇసక మూట పెట్టాం. అత్తయ్య ఆ పచ్చటి ముద్దల్ని కాలితో కదిపి చూసి, పమిట నడుముకి చుట్టుకుంది.

“ఆ బండి ఇటు తోసుకురా అమ్మాయ్” అంది నాతో.

“నువ్వెందుకే ఇక్కడ? నీకిష్టం లేదుగా” అన్నాడు మావయ్య మంచం మీంచి.

“ఇష్టంలేని పనులు ఎన్ని చెయ్యలేదు నేను! ఆడపిల్ల పెళ్లండీ. ఆ పెద్దమనిషికి మాటిచ్చింది మీరొక్కరేనా?”

మావయ్య చెబుతుంటే నేను తాళం తీసేసి, ప్లగ్గు వైరు పీకి, ట్రాక్టరు జాకీతో బండి ముందువైపు లేపి చక్రాల కింద దిమ్మలు పెట్టాను. లోపలికి తొంగి చూస్తే ఇనప రేకు కనపడలేదు. తడిగడ్డి పొరలు పొరలుగా అంటుకుని, ఎండి, అడుగంటిన పరవాన్నం గిన్నెలా ఉంది. గడ్డి తిరగడానికి జాగా ఏదీ? అత్తయ్యా నేనూ చెరో అట్లకాడతో గీకాం. బకెట్టుడు వచ్చింది. బ్లేడు బయటపడగానే మావయ్య మోచేతి మీద లేచి చూసి, నొప్పిలోనే పకపకా నవ్వాడు. “తిరగేసి బిగించానే! ఆ చివర రెక్క పైకుండాలి. ఫ్యాను రెక్కలు తలకిందులు చేస్తే గాలి ఎటు పోద్ది?” తప్పు తనదేనని తేలినందుకు ఆయనకి అంత సంతోషం ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. మెకానిక్ చెప్పినట్టు బండి పనికిరానిది కాదు, అంతే ఆయనకి కావలసింది.

బ్లేడు సరిగ్గా బిగించాక నేను సీటెక్కాను. ముద్దలు చిన్నవయ్యాయి గానీ పడటం ఆగలేదు. అత్తయ్య నా పక్కనే నడుస్తూ బండిని ఎగాదిగా చూసి ఆపమంది.

“ఇంత అడుక్కంటా ఎందుకు కోస్తన్నారు? నేల కూడా గీక్కుపోతంది.”

“అట్టయితే తొందరగా పెరగదని” అన్నాడు మావయ్య. “మళ్లీ మళ్లీ కొయ్యక్కర్లేదు.”

“సరే, మంచు ఆరకుండా కొయ్యడం ఏంటి? తడి పనలు నూరుస్తామా ఎక్కడైనా?”

బండి మీద చిన్న లివరుంది. దానికి ఒక చివర తాబేలు బొమ్మ, రెండో చివర కుందేలు బొమ్మ. లివరు తాబేలు దగ్గరుంది. ఇంజను నిద్రలో గొణుగుతున్నట్టు తిరుగుతోంది. అత్తయ్య దాని మీద వేలు పెట్టింది.

“ఇదేంటండీ?”

“స్పీడు.”

“మరి ఎందుకింత తగ్గించారు? మిక్సీ కూడా మెల్లిగా తిప్పితే పచ్చడి ముద్దగానే ఉంటది గదా.”

మావయ్య చూపు ఆకాశంలోకి తిప్పుకున్నాడు. తరవాత మెల్లిగా అన్నాడు. “పెంచితే చప్పుడు ఇంట్లోకి వినపడుద్ది. నీకు వినపడుద్దని.”

అప్పుడు నాకు తెలిసింది. పొద్దున్నే తడిలో కోసింది అత్తయ్య పూజలో ఉంటుందని. నేలబారుగా కోసింది, బండి తక్కువసార్లు బయటికి తియ్యొచ్చని. ఆయన దాచింది చప్పుడొక్కటే కాదు. అత్తయ్య ముఖం అటు తిప్పుకుంది. ముక్కు ఎర్రబడింది. “విననివ్వాల్సింది” అంది. “చేను పోయిందని నాకు తెలీదా? చప్పుడు లేకపోతే చేను ఉన్నట్టా?” అంది. పిండి ఎండిపోయిన ఆ చేతిని మావయ్య పట్టుకున్నాడు. నేను బండి చక్రాల కేసి చూస్తూ నిలబడ్డాను.

ఎండెక్కి పచ్చిక ఆరాక అత్తయ్య నన్ను దింపి తనే సీటెక్కింది. బ్లేడు ఒక మెట్టు పైకి లేపి, లివరు కుందేలు దాకా నెట్టింది. చప్పుడుకి రోడ్డు మీద గొర్రెలు బెదిరి చెదిరిపోయాయి. పక్క మూతిలోంచి గడ్డి పొడిపొడిగా, చేటతో చెరిగినప్పుడు ఊక ఎగిరినట్టు ఎగిరి పచ్చిక మీద ఎక్కడ పడిందో కూడా కనపడకుండా పరుచుకుంది. అత్తయ్య మలుపు తిప్పడం తెలియక ఒక లైటు స్తంభాన్ని గుద్దబోయింది. మావయ్య మంచం మీంచి “బ్రేకు! బ్రేకు!” అని అరిచి మళ్లీ నడుం పట్టుకున్నాడు.

పెళ్లి బాగా జరిగింది. పెళ్లికూతురి తండ్రి చెప్పులు విడిచి ఉత్త కాళ్లతో లాన్ అంతా తిరిగి, “మా ఇంట్లో పట్టు పరుపు మీద నడిచినట్టుందండీ” అన్నాడు. అత్తయ్య లాన్ వెనక మూలనున్న చిన్న మడిచెక్కలో వరి వేయమని అడిగింది. మావయ్య వేయించాడు. పెళ్లిళ్ల ఫోటోల్లో వెనకాల ఆ కాస్త వరి పైరు కనపడేది, దాని కోసమే కొందరు ఆ లాన్ కావాలనేవారు.

మావయ్య పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు బుకింగులు అత్తయ్యే చూసుకుంటుంది. ఫోన్‌లో ఆమె మాట వింటే ఏ హోటలు మేనేజరో అనుకుంటారు. మొన్న పార్కు నుంచి వచ్చాక ఫోన్ చేసి, చేను ఉంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుందా అని అడిగాను. “చేను ఉన్నన్నాళ్లూ మాకు పనే సరిపోయేదమ్మా. లాన్ వచ్చాకే సాయంత్రాలు ఇద్దరం ఒకచోట కూర్చున్నాం. ఆ మొదటి ఏడాదే దండగైపోయింది” అంది.

అప్పట్లో అత్తయ్యకి ఉన్న వయసు ఇప్పుడు నాకుంది. ఒకరినొకరు నొప్పించకూడదని మాటలు మనసులోనే పెట్టుకుని గడిపే రోజులు కూడా మన ఆయుష్షులోంచే ఖర్చవుతాయి, వాటిని తరవాత ఎవరూ మనకి కలిపి ఇవ్వరు.