మూడోసారికి ముందు

ఆ రోజుల్లో మా చిలమత్తూరు వైపు వానలకు కొరత ఉండేది, బావుల్లో నీళ్ళకు కొరత ఉండేది గానీ, నత్తి ఉన్నవాడికి వైద్యుల కొరత మాత్రం ఉండేది కాదు. దారిన పోయే ప్రతి మనిషీ నా నాలుకను బాగుచేయడానికే పుట్టినట్టు మాట్లాడేవాడు. మా అవ్వ వసకొమ్ము అరగదీసి తేనెలో కలిపి నాకించింది. మేనత్త గులకరాళ్ళు నోట్లో పెట్టుకుని మాట్లాడమంది (ఒకటి మింగాను, అది ఏమైందో ఇప్పటికీ తెలియదు). పూజారి గుడిగంట తిరగేసి అందులో నీళ్ళు పోసి తాగించాడు. ఇన్ని చేసినా నా నాలుక తన పద్ధతి మార్చుకోలేదు. బళ్ళో అయ్యవారు హాజరు పిలిస్తే నేను "ప్ర... ప్ర..." అంటూ "ప్రెజెంట్" దగ్గరికి చేరేసరికి ఆయన నా తరవాత ముగ్గురిని దాటిపోయేవారు. రోజూ బడికి పోయి, సగం రోజులు రానివాడిగా పుస్తకానికెక్కినవాణ్ణి మా తాలూకాలో నేనొక్కణ్ణే అయివుంటాను.

అట్లాగే ఎస్సెల్సీ గట్టెక్కాను. తరవాత ఒక ఆఫీసులో గుమాస్తా పనికి పిలుపొచ్చింది. ఆఫీసరు పేరడిగాడు. నేను "గో... గో..." దగ్గర ఆగిపోయాను. ఆయనకు జాలి ఎక్కువ. "గోపాలా? గోవిందా? గోవర్ధనా?" అని తనే సాయం పట్టాడు. బాధ తొందరగా తీరిపోవాలని మూడో పేరుకు తల ఊపాను. అది నా పేరు కాదు. ఆ పని ఏ గోవర్ధనుడికైనా దక్కిందేమో తెలియదు, నాకైతే దక్కలేదు.

వరసగా రెండో ఏడూ పంట ఎండింది. మా అన్న కరువు పనికి పోయి రోడ్డు కోసం కంకర కొడుతున్నాడు. నాకని ఒక సుత్తి సంపాదించి, దానికి కొత్త పిడి వేసి, వసారా గోడకు ఆనించి పెట్టాడు. ప్రేమతోనే పెట్టాడు. కానీ పొద్దున లేస్తూనే ఆ సుత్తి కనపడితే ముఖం పక్కకు తిప్పుకునేవాణ్ణి. చదివిన చదువంతా ఆ పిడి దగ్గరికి వచ్చి ఆగిందా అనిపించేది. సరిగ్గా అప్పుడు మా నాయన ఎక్కడో విని వచ్చాడు.

"ఒరే, పేటలో చింతపండు మండీ ఉండాది చూడు, ఆడ నోటితో పనే లేదంట! తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకోని బేరం చేస్తారంట. ఎవురూ ఒక్క మాటా మాట్లాడరంట. నీకు వేళ్ళు పది ఉండాయి గదా, ఇంకేం కావల్ల?"

అంటూ నా చేతులవైపు గర్వంగా చూశాడు. పది వేళ్ళూ తానే అమర్చినట్టు మురిసిపోయాడు. మరుసటి రోజు మొదటి బస్సుకు ఇద్దరం పేటలో దిగాం.

మండీ సావుకారు గద్దె మీద కూర్చుని మా నాయన చెప్పిందంతా విన్నాడు. విని నవ్వాడు. "ఆలస్యంగా వచ్చినారు కదప్పా! పోయిన నెల నుంచి తువ్వాల బేరం బంద్. మార్కెట్టు ఆఫీసరు వచ్చి, చాటుబేరం వద్దు, అందరికీ ఇనపడేటట్ల వేలం పాట పెట్టల్ల అని చెప్పి పోయినాడు. ఇప్పుడు ఈడ అంతా నోరే. మీవోడు పాట పెడతాడా?"

నేను జవాబు చెప్పబోయి "పా... పా..." దగ్గర ఇరుక్కున్నాను. సావుకారు చూపు తిప్పుకున్నాడు. జిల్లాలో నోరు అక్కర్లేని పని ఒక్కటుందని వెతుక్కుంటూ వస్తే, నోరు తప్ప ఇంకేమీ అక్కర్లేని పని దగ్గరికి చేరాం. మా నాయన భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆ తువ్వాలను చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు గోతాల వెనక నుంచి బొంగురు గొంతు ఒకటి వినిపించింది. "ఉండనీ సావుకారీ. వాణ్ణి నా ఎనక తిరగనీ."

ఆయన గంట సాబు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మండీలో తువ్వాల కింద వేళ్ళతో బేరాలు తెగ్గొట్టిన మనిషి. రూలు మారాక చేతికి ఇత్తడి గంట ఇచ్చి పాట పెట్టమన్నారు. చింతపండు దుమ్ములో అరిచి అరిచి నెల తిరగకుండానే గొంతు బొంగురుపోయింది. ఆయన తరవాత ఆ గంట ఎవరు పట్టుకుంటారా అని మండీలో అందరూ కాచుకుని ఉన్నారు.

"వానికి మాట రాదు కదా సాబూ?" అన్నాడు సావుకారు.

"మాట వచ్చేటోళ్ళు నా చుట్టూ పదిమంది ఉండారు. ఒక్కడన్నా ఇంటాడా? ఈ పిల్లోడు ఇంటాండాడు."

సావుకారు ఒప్పుకున్నాడు. ఉగాది ముందర వచ్చే పెద్ద సంత దాకా గడువు. ఆ రోజు ఒక్క రాశికైనా నేను పాట పెట్టి ముగించాలి. ముగిస్తే పని నాది. లేకపోతే మొదటి బస్సుకు ఇంటికి, అక్కడినుంచి సుత్తి దగ్గరికి.

సాబు మామ (నేను అట్లాగే పిలిచేవాణ్ణి, పిలవగలిగినప్పుడు) నాకు మొదటి రోజు చెప్పిన పాఠం ఒక్కటే. "నా నీడ మాదిరి ఉండల్ల." నేను ఆ మాటను అక్షరాలా పట్టుకున్నాను. ఆయన రాశి దగ్గర వంగితే వంగాను, దగ్గితే దగ్గాను, లవంగం బుగ్గన పెట్టుకుంటే నేనూ పెట్టుకున్నాను. ఆయన మంగలి దగ్గర కూర్చుంటే వెనక నిలబడ్డాను. మంగలి నన్ను చూసి "ఈ పిల్లోనికీ గీకల్లనా?" అని అడిగాడు (అప్పటికి నాకు గీకవలసినంత ఏమీ లేదు). ఒకరోజు భోజనానికి ఇంటిదాకా వెళ్ళాను. సాబు మామ గడపలో ఆగి వెనక్కి తిరిగి, "అరె, మిట్టమద్యాన్నం నీడ కూడా కాళ్ళ కిందికి పోతాదిరా. నువ్వు మాత్రం ఎనకే ఉండావు!" అన్నాడు. లోపల నుంచి ఆయన భార్య నవ్వుతూ, "నీడకు కూడా ఆకలి అయితాది, లోపలికి రానీ" అని నాకూ ఒక పళ్ళెం పెట్టింది. ఆ నెలంతా నీడ అక్కడే తిన్నది.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఇంతా అంతా కాదు. పండును చిదిమి వాసన చూసి పోయినేటి సరుకు పట్టుకోవడం, పైన మంచిది పరిచి అడుగున గింజలు దాచిన మూటను చెయ్యి పెట్టగానే గుర్తుపట్టడం నేర్చుకున్నాను. అన్నిటికన్నా గొప్పది మడమల పాఠం. "మొగం చూడొద్దు, మొగం అబద్దం చెప్తాది. కొనేటోని మడిమ చూడు. పాట పెంచల్ల అనుకున్నోడు ముందు మడిమ ఎత్తుతాడు." మాట్లాడలేనివాడికి చూడటం ఒక అలవాటు, చిన్నప్పటి నుంచీ నేను చేసింది అదే. అందుకే ఈ పాఠం ఒక్క రోజులో వచ్చేసింది.

రానిది ఒక్కటే. జనం రాకముందు ఖాళీ షెడ్డులో నన్ను గోతాల మీదికి ఎక్కించి పాట పెట్టమనేవాడు. "మాట్లాడొద్దురా. పాట అన్నారు గదా, పాడు!" మన భాషలో వేలానికి పాట అని పేరు పెట్టినవారెవరో గానీ వారి కడుపు చల్లగుండాలి. భజనలో నాకు ఎన్నడూ నత్తి రాలేదు. "ఒకటోసారీ..." అని భజన వరసలో ఎత్తుకుంటే పోయింది. "రెండోసారీ..." అదీ పోయింది. కానీ మూడోసారిని పాడకూడదు. గంట కొట్టి, తెగ్గొట్టినట్టు అనాలి. అక్కడ "మూ... మూ... మూ..." అని నిలిచిపోయేవాణ్ణి. ఎంత అవస్థ పడితే అంతగా నా కళ్ళు కుడివైపు మూలకు పోయేవి. "ఆఖరుసారి" అనమన్నాడు సాబు మామ. "ఆ... ఆ..." అంటే పంటినొప్పితో మూలుగుతున్నట్టుందని ఆయనే వద్దన్నాడు.

పెద్ద సంత వచ్చింది. గుట్టల వైపు ఊళ్ళ నుంచి బళ్ళ మీద మూటలు దిగాయి. మా నాయన కూడా వచ్చి స్తంభం చాటున నిలబడ్డాడు. పొద్దున్నుంచీ పాట పెట్టిన సాబు మామకు పదకొండు దాటేసరికి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. గంట తన దగ్గరే పెట్టుకుని, నన్ను గోతాల మీదికి నెట్టాడు.

ముందున్నది ఒక అవ్వ తెచ్చిన ఎనిమిది మూటల రాశి. పండు తేనె రంగులో మెరిసిపోతోంది. కానీ ఆ రోజుల్లో కొనేవాళ్ళలో ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరి సరుకు మీదికి ఒకరు పోకుండా లోపాయికారీగా మాట్లాడుకునేవారు. ఒకాయనకు బంగారు పన్ను, ఇంకొకాయన చేతిలో ఎప్పుడూ పొడుంకాయ. ఈ రాశి బంగారు పన్ను వంతు. ఆయన తక్కువ పాట చెప్పి చేతులు కట్టుకున్నాడు. పొడుంకాయ పైకప్పు చూస్తున్నాడు. అవ్వ మూటకు ఆనుకుని దిగులుగా నిలబడింది.

"ఒకటోసారీ..." అని ఎత్తుకున్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. "రెండోసారీ..." అన్నాను. తరవాత "మూ... మూ... మూ..." నిలిచిపోయాను. నా కళ్ళు అలవాటు ప్రకారం కుడివైపు మూలకు పోయాయి. అక్కడ వాకిట్లో ఖాకీ కోటు మనిషి ఒకడు (మా బస్సు కండక్టరు) ఖాళీ గ్లాసు పైకెత్తి ఇంకో టీ అడుగుతున్నాడు.

నేను పాట పెంచేవాడెవరినో చూస్తున్నాననుకుని బంగారు పన్ను గిరుక్కున వెనక్కి తిరిగాడు, ఎత్తిన చెయ్యి కనపడింది. "ఎవురప్పా ఆడ? బెంగళూరు నుంచి కొననీకి వచ్చినాయనా?" అన్నాడు. జవాబు వచ్చేలోపల ఆగలేక, తన పాట మీద తనే ఒక రూపాయి పెంచేశాడు!

పాట పెరిగితే మళ్ళీ ఒకటోసారి నుంచి మొదలుపెట్టాలి. మొదలుపెట్టాను. మళ్ళీ "మూ... మూ..." దగ్గరికి వచ్చాను. ఈసారి పొడుంకాయకు అనుమానం వచ్చింది. ఒప్పుకున్న మాట కాదని వీడెందుకు పెంచుతున్నాడు, ఆ రాశిలో ఏముంది? ఆయన మడమ లేవడం చూశాను. "ఇంకో రూపాయి!" అన్నాడు. "ఏమప్పా, మాట తప్పినావే!" అని బంగారు పన్ను. "ముందు తప్పింది నువ్వే గదప్పా!" అని పొడుంకాయ. మళ్ళీ ఒకటోసారి, మళ్ళీ రెండోసారి, మళ్ళీ "మూ... మూ...". నేను నిలిచిన ప్రతిసారీ ఇద్దరిలో ఒకరికి ఓర్పు తప్పిపోయేది. జనం నవ్వడం మానేసి, ఊపిరి బిగబట్టి నా నోటి వంక చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక, నా నత్తి అయిపోతుందేమోనని జనం భయపడటం నేను మొదటిసారి చూశాను. నాకు ఒళ్ళంతా పులకరించింది. నేనూ తొందరపడటం మానేశాను. చివరికి ఎవరి మడమా లేవని క్షణాన "మూడోసారి!" అని దానంతట అదే బయటపడింది. సాబు మామ గంట ఎంత గట్టిగా కొట్టాడంటే, బయట బళ్ళ ఎద్దులు లేచి నిలబడ్డాయి.

అవ్వ నా దగ్గరికి వచ్చి నన్ను కింది నుంచి పై దాకా చూసి, "ఇంతసేపు పలికేటోడు ఇన్నాళ్ళు యాడుండాడప్పా?" అంది. అంతే, మిగతా రైతులంతా "మాదీ ఆ పిల్లోడే పాడల్ల" అని పట్టుబట్టారు. ఆ పూట మండీలో పాట పెట్టింది నేనే.

కొనేవాళ్ళు ఊరుకుంటారా? మరుసటి వారం మార్కెట్టు ఆఫీసరును వెంటబెట్టుకుని వచ్చారు. "ఈ పిల్లోడు కావల్లనే నత్తి పెడతాండాడు సార్" అని బంగారు పన్ను ఫిర్యాదు. ఆఫీసరు నన్ను పిలిచి, "ఏమయ్యా, కావాలని చేస్తున్నావా?" అని అడిగాడు.

"కా... కా... కా..." అన్నాను.

ఆఫీసరు ఆగాడు. అందరూ ఆగారు. నేను ఇంకా "కా" దగ్గరే ఉన్నాను. పొడుంకాయ ఆగలేకపోయాడు. "చెప్పప్పా బిరీన! ప్రాణం పోతాండాది!" అని అరిచాడు. ఆఫీసరు నవ్వాపుకుంటూ రూలు కాగితం తీసి చదివాడు. మూడుసార్లు అందరికీ వినపడేలా పిలవాలని ఉంది. మధ్యలో ఎంతసేపు ఆగాలో రాయలేదు. "రూలు ప్రకారమే ఉంది" అని కాగితం మడిచి, నాకు కూడా ఒక టీ చెప్పమన్నాడు. సావుకారు నన్ను పిలిచి, "రేపటి నుంచి గంట నీదే" అన్నాడు. నేను "స... స..." అంటుంటే, "సరే అనే లోపల సాయంత్రం అయితాది, పో, పని చూసుకో" అని నవ్వాడు. ఆ వారమూ వచ్చిన మా నాయన ఈసారి స్తంభం చాటు నుంచి బయటికి వచ్చి అందరికీ కనపడేలా నిలబడ్డాడు. ఇంటి దగ్గరి సుత్తిని ఆ తరవాత మా అమ్మ బెల్లం పగలగొట్టడానికి వాడుకుంది.

సాబు మామ గొంతు మళ్ళీ రాలేదు. రోజూ వచ్చి కుడివైపు మూలలో కూర్చునేవాడు, నా కళ్ళు ఎటు పోతాయో తెలుసు కాబట్టి. మాట లేనందున తన తువ్వాల తీసి, దాని కింద నా చెయ్యి పట్టుకుని వేళ్ళతో మాట్లాడేవాడు. ఆ వేళ్ళ భాషంతా అట్లా నాకు వచ్చింది. ఇంక దేనికీ పనికిరాదనుకున్నాను గానీ, చాలా ఏళ్ళ తరవాత చెవులు వినపడని పిల్లవాణ్ణి ఒకణ్ణి వాళ్ళమ్మ మండీకి తీసుకొచ్చింది. సావుకారు కొడుకు తల అడ్డంగా ఊపబోతుంటే, "వా... వాణ్ణి నా ఎనక తిరగనీ" అన్నాను. తువ్వాల కింద పని మొత్తం వాడికి నేర్పాను. వాడు కాటా దగ్గర నిలబడి, నేను అరిచి చెప్పనక్కరలేకుండా నా వేళ్ళు చూసి తూకం వేసేవాడు. నా వెనక ఎంత అంటిపెట్టుకుని తిరిగేవాడంటే, మిట్టమధ్యాహ్నం ఒకసారి నాకే విసుగొచ్చింది. విసుక్కోబోయి నవ్వుకున్నాను.

ఒక రహస్యం చెప్పి ముగిస్తాను. వయసు పెరిగేకొద్దీ నా నత్తి దానంతట అదే సన్నగిల్లింది. ఒక సంతలో "మూడోసారి" అని గుక్క తిప్పుకోకుండా అనేశాను. రైతు నన్ను మోసగాణ్ణి చూసినట్టు చూసి, "ఏమన్నా, అంత బిరీన తెగ్గొట్టినావే!" అన్నాడు. సిగ్గేసింది. మరుసటి పాట నుంచి ఆఫీసరు ఆనాడు అడిగిన పని మొదలుపెట్టాను, కావాలనే నత్తి పెట్టాను. అవ్వ వసకొమ్ముతో, మేనత్త గులకరాళ్ళతో వదిలించాలని చూసినదాన్ని, నేను కష్టపడి మళ్ళీ తెచ్చుకున్నాను. "మూ... మూ..." అంటూ నిలబడి, కుడివైపు మూలకు చూసేవాణ్ణి. అక్కడ సాబు మామ లేడు, గోతాలే ఉన్నాయి. అయినా ఆ మూల వైపు చూస్తున్నంతసేపూ, మూడోసారి అని తెగ్గొట్టడానికి నాకు నిజంగానే నోరు వచ్చేది కాదు.