మా లైనులో కెప్టెన్ సాబు, ఆయన బేగం

పోయిన శుక్రవారం పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే పక్కింటి లక్ష్మక్క గోడమీద నుంచి తల పైకెత్తి, "టీచరమ్మా, కెప్టెన్ సాబు పోయిండట. నిద్రల్నే పోయిండట. దవాఖాన నుంచి ఇప్పుడే కబురొచ్చింది" అంది. నేను చేతిలోని గొడుగు తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచాను. బడి సంగతి మరిచిపోయి దవాఖానకు నడిచాను. ముందురోజు సాయంత్రం ఆయన అడిగిన చివరి సంగతి మందుల గురించి కాదనీ, బూట్లకు పాలిష్ అయిందా లేదా అనీ అక్కడి నర్సమ్మ చెప్పింది. మంచం కింద చూస్తే ఆ జత తళతళలాడుతూ ఉంది. ఏడుస్తున్నదాన్ని కాస్తా నవ్వేశాను. ఆయన గుర్తొస్తే నవ్వు రావడం మా లైనులో అందరికీ ఉన్న జబ్బే.

గోదావరిఖనిలో క్వార్టర్ల వరసను లైను అంటాం. మా లైనులో బొగ్గుగనిలో, మా మాటలో బాయిలో, పనిచేసేవాళ్లు, గుమాస్తాలు, నాలాంటి పంతులమ్మలు ఉంటారు. చిట్టచివరి ఇల్లు కెప్టెన్ సాబుది. బాయి దగ్గర కాపలావాళ్లకు ఆయన పెద్ద. ఆ హోదాకు ఆఫీసర్ల వైపు ఇంకా పెద్ద ఇల్లు వచ్చేదే. కానీ ఈ ఇంటి వెనక ఖాళీ జాగా ఉందని, అక్కడ నిలబడితే గాలి బాగా తగులుతుందని పట్టుబట్టి ఇదే తీసుకున్నారు. రామగుండం ఎండల్లో గాలి అంటే ఏమిటో ఆయనకే తెలియాలి.

ఆయన పుట్టింది గోదావరి ఒడ్డున ఒక గడిలో. చుట్టుపక్కల ఊళ్లను ఏలిన దొరల ఇల్లు అది. చిన్నప్పుడు పందెం కాసి గుర్రాన్ని గడి మెట్లమీదుగా మేడపైకి ఎక్కించారట. ఎక్కించడం సులువేననీ, దించడానికి పూటంతా పట్టిందనీ ఆయనే చెప్పి నవ్వేవారు. తర్వాత పాత సంస్థానం రిసాలాలో, అంటే గుర్రపు దళంలో చేరి కెప్టెన్ అయ్యారు. యుద్ధానికని సముద్రం దాటి వెళ్లొచ్చారు. అక్కడ ఏం చూశారని ఎంత అడిగినా "ఒంటెలు కరుస్తయ్, టీచరమ్మా" అనేవారే తప్ప ఇంకో ముక్క చెప్పేవారు కాదు. అన్నదమ్ములు ఆస్తి పంచుకునేటప్పుడు తన వంతుకు గుర్రపు జీను ఒక్కటి తెచ్చుకున్నారు. ఆ జీను ఆయన ముందుగదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ మీద ఉండేది. వచ్చినవాళ్లు నిలబడాల్సిందే.

ఆదివారాలు ఆయన పట్నంలో ఉండేవారు, మలక్‌పేటలో గుర్రప్పందేల దగ్గర. సోమవారం బండి దిగి వచ్చి, సాయంత్రం మా ఇంటి వరండాలో ఆ పందేల మీద పత్రికకు వ్యాసం చెప్పేవారు. ఆయనకు ఉర్దూ రాయడం వచ్చు, ఇంగ్లీషు రాయడం వచ్చు, తెలుగు మాత్రం మాట్లాడటమే వచ్చు. అందుకని రాసే పని నాది. కుర్చీలో కూర్చుని చెప్పడం ఆయన వల్ల అయ్యేది కాదు. మా వరండా పిట్టగోడ మీదికెక్కి, రెండు కాళ్లూ చెరోపక్కా వేసి, ముందుకు వంగి చెప్పేవారు.

"రాయి టీచరమ్మా. గీ గుర్రానికి కాళ్లు మస్తుగున్నయి, దిమాగే లేదు. గెలిస్తే మనం హైరానైతం, ఓడితే అది హైరానైతది."

"హైరానైతది అంటే పత్రికలో బాగుండదు సాబ్. ఆశ్చర్యపోతుంది అందామా?"

"గుర్రం ఎప్పుడన్న ఆశ్చర్యపోతదా? హైరానే అయితది. రాయి."

అట్లా వాదించుకుంటూనే ఏళ్ల తరబడి రాశాం. పిల్లలకు వ్యాసం ఎట్లా రాయాలో నేను అప్పటికే చెబుతున్నాను గానీ, చూసినదాన్ని చూసినట్టు రాయడం నాకు ఆ పిట్టగోడ దగ్గరే వచ్చింది. అందుకు ఆయనకు దండం పెట్టుకుంటున్నాను. జూదం గురించి రాస్తున్నానని మా పాస్టరయ్య ఒకసారి ప్రార్థన అయ్యాక పక్కకు పిలిచి మందలించారు. మందలించి, వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "పోయిన వారం రాశావే, ఆ ఎర్రగుర్రానికి ఇప్పుడు దగ్గు తగ్గిందా అమ్మా?" అని అడిగారు.

నిజానికి సాబు ఏనాడూ పందెం కాయలేదు. ఎవరినీ కాయమనలేదు. అయినా ఆయన వ్యాసం క్యాంటీనులో పైకి చదువుకుని, ఆయన బాగా పొగిడిన గుర్రం మీద నలుగురు కుర్రవాళ్లు పట్నంలో డబ్బు పెట్టించారు. అది అన్నిటికన్నా వెనక వచ్చింది. వాళ్లు తగువుకొస్తే ఆయన చాయ్ పోయించి, "అది మంచిదన్న. గెలుస్తదన్ననా? మీ ఇంట్ల మీ అమ్మ మంచిది, ఉరుకుడు పందెంల పెడతరా?" అన్నారు. చాయ్ తాగి వెళ్లిపోయారు పాపం.

ఒక సోమవారం ఆయన వ్యాసం చెప్పడానికి రాలేదు. ఆ మర్నాడు రామగుండం స్టేషనులో గూడ్సు డబ్బాలోంచి ఒక ఆడగుర్రాన్ని దింపుకుని, రోడ్డు వెంట నడిపించుకుంటూ వచ్చారు. పందెంలో ముందుకాలు దెబ్బతిందట, తుపాకీతో కాల్చేద్దామంటుంటే అడ్డంపడి తెచ్చుకున్నారట. నల్లటిది, పొగరుది. దానికి బేగం అని పేరు పెట్టి వెనక జాగాలో కట్టేశారు. రోజూ వేపనూనె కాచి కాలు రుద్దుతూ, దానితో ఉర్దూలో కబుర్లు చెప్పేవారు. కొన్ని నెలలకు కుంటు పోయింది. షిఫ్టు మారే సైరన్ కూసినప్పుడల్లా బేగం చెవులు నిక్కబొడిచి, కట్టుగుంజ చుట్టూ చిందులు తొక్కేది. డాన్సు చేస్తోందని లైనంతా చూసి మురిసిపోయేవాళ్లం.

అంతలో క్వార్టర్ల ఆఫీసు నుంచి తాకీదు వచ్చింది. లైనులో గుర్రాన్ని కట్టేయడానికి వీల్లేదు, ఇరుగుపొరుగు అందరూ ఒప్పుకుంటే తప్ప. ఒక్కరు కాదన్నా తీసేయాలి. తీసేసి ఎక్కడికి పంపుతారు? పందేలకు పనికిరాని గుర్రాన్ని, అందులో కాలు దెబ్బతిన్నదాన్ని, కొనేవాడు కసాయి ఒక్కడే. అందరం సరే అన్నాం. లచ్చయ్య ఒక్కడే తల అడ్డంగా ఊపాడు. లైనులో మేమంతా అతన్ని కాక అని, అంటే బాబాయి అని పిలుస్తాం.

లచ్చయ్య కాకది సాబు వాళ్ల ఊరే. కాక తండ్రి ఆ గడిలో వెట్టిచాకిరీ చేసినవాడు. వెట్టి బతుకు నుంచి తప్పించుకుని బాయి పనికి వచ్చిన మనిషి కాక. ఇన్నేళ్లూ ఒకే లైనులో ఉంటూ సాబును ఏ పిలుపుతోనూ పిలవలేదు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు. సాబు కూడా ఆ సందు వైపు చూసేవారు కాదు.

ఎవరినీ ఏదీ అడిగి ఎరగని సాబు ఆ సాయంత్రం కాక వాకిట్లో నిలబడ్డారు. లక్ష్మక్కా నేనూ గోడ పక్కనే ఉన్నాం. వినకూడదనుకుంటూనే విన్నాం.

"లచ్చయ్యా, దానికి దిక్కు లేదు. ఉండనియ్యి" అన్నారు సాబు.

కాక నులకమంచం మీద నుంచి లేవలేదు. "మా నాయిన మీ గడి ముంగట చెప్పులు చేతవట్టుకొని నడిచిండు. మా ఇండ్ల పెండ్లయితే పెండ్లిపిలగాడు గడి దాటేదాంక తల వంచుకొని నడవాలె. ఎరికేనా?"

"ఎరికే."

"నా కొడుకు ఓదెలు పెండ్లి ఉన్నది. గా గుర్రం మీద ఎక్కి పోతడు. పగ్గం నువ్వే పట్టాలె. గట్లయితే ఉంటది, లేకుంటే లేదు."

సాబును నువ్వు అన్న మనిషిని మేం అంతవరకు చూడలేదు. లక్ష్మక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గడిలో పెరిగిన మనిషికి ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. కాదంటే బేగం పోతుంది.

"ఎన్ని గంటలకు?" అని అడిగారు సాబు.

మా దగ్గర పెళ్లి ముహూర్తం అయ్యగారు పెట్టినా, పెళ్లికొడుకును ఊరేగించే బారాతు వేళ పెట్టేది మాత్రం షిఫ్టు. మొదటి షిఫ్టు దిగినవాళ్లు కలవాలి, రెండో షిఫ్టుకు పోయేవాళ్లు చూసి పోవాలి. అందుకని బారాతులన్నీ షిఫ్టు మారే వేళకు బాయి రోడ్డు మీదికి వస్తాయి. ఓదెలు బారాతు కూడా అప్పుడే వచ్చింది. రిసాలా కోటు, మెరిసే బూట్లు వేసుకుని సాబు పగ్గం పట్టి ముందు నడుస్తున్నారు. బాసింగం కట్టుకుని ఓదెలు బేగం మీద బిగుసుకుపోయి కూర్చున్నాడు. వాడు అంతకుముందు ఎక్కింది సైకిలే. పక్కన లచ్చయ్య కాక తలెత్తుకుని నడుస్తున్నాడు. అంతమందిలో ఒక్కరికైనా తట్టాలా? తట్టలేదు. సరిగ్గా బాయి గేటు ముందు సైరన్ కూసింది.

పందెం మొదలైందనుకుంది బేగం. సాబు చేతిలోంచి పగ్గం ఊడిపోయింది. జనం రెండుగా చీలారు. బేగం వెళ్లిపోయింది, పెళ్లికొడుకుతో సహా. ఏం జరిగిందో తెలియక బ్యాండువాళ్లు ఇంకా వాయిస్తూనే ఉన్నారు. సాబు కోటు గుండీలు విప్పుకుంటూ పరుగెత్తారు, వెనక కాక, ఆ వెనక మేమంతా. షిఫ్టు దిగినవాళ్లు బొగ్గు ముఖాలతోనే ఈలలు వేస్తూ మాతో పరుగెత్తారు. "అయ్యో నా కొడుకా" అని కాక, "అయ్యో దాని కాలు" అని సాబు.

మార్కెట్టు దగ్గర దొరికింది. కూరగాయల బండి ముందు నిలబడి ముల్లంగి ఆకులు నములుతోంది. బాసింగం చెవి మీదికి జారి, రెండు చేతులా జూలు పట్టుకుని ఓదెలు ఇంకా పైనే ఉన్నాడు. సాబు మోకాళ్ల మీద కూర్చుని దాని ముందుకాలు మొత్తం తడిమి చూశారు. కాలు బాగానే ఉంది. అప్పుడు తలెత్తి పైకి చూశారు.

"పడలేదారా?"

"లేదు సాబూ. గట్టిగ పట్టుకొని కూసున్న."

సాబు లేచి, కోటు సర్దుకుని, బూట్లు రెండూ దగ్గరికి చేర్చి ఓదెలుకు సెల్యూట్ చేశారు. ఎగతాళి కాదు, పెద్ద అధికారికి చేసే అసలైన సెల్యూట్. వాడు తిరిగి ఏం చెయ్యాలో తెలియక రెండు చేతులూ వదలబోయి మళ్లీ జూలు పట్టుకున్నాడు. కాక ఆయాసపడుతూ వచ్చి, సెల్యూట్ చేసిన సాబు చెయ్యి దిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుని, "ఇగ నడువు సాబూ. పిల్ల ఎదురుచూస్తది" అన్నాడు.

సాబు పగ్గం అందుకున్నారు. రెండో పక్క నుంచి కాక కూడా అందుకున్నాడు. "నువ్వు విడువు, నేను పట్టుకుంట" అన్నాడు కాక. "మాటంటే మాటే, లచ్చన్నా" అన్నారు సాబు. ఇద్దరిలో ఎవరూ వదల్లేదు. ముల్లంగి ఆకులు నములుతూ నల్లగుర్రం నడుమ నడుస్తుంటే, దానికి చెరోపక్కా ఆ ఇద్దరు ముసలివాళ్లు ఒకే పగ్గం పట్టుకుని, పెళ్లికొడుకును బాయి రోడ్డు మీదుగా తీసుకుపోయారు.