లేసు అల్లుతూ నేర్చిన ఇంగ్లీషు

నరసాపురం దగ్గర ఒక పేటలో హెలెన్ అంగన్‌వాడీ ఆయా. పొద్దున్నే పొయ్యి వెలిగించడం, పిల్లల ముక్కులు తుడవడం, అన్నాలయ్యాక చాపలు పరిచి నిద్రపుచ్చడం ఆమె పని. టీచరు సుభద్రమ్మగారు వేసవికి రిటైరవుతున్నారు. ఆ ఉద్యోగానికి ముందు ఆయానే అడుగుతారు, కాకపోతే పదో తరగతి పాసై ఉండాలి. హెలెన్‌కి అప్పట్లో ఇంగ్లీషు ఒక్కటే పోయింది. ఆ తర్వాత పెళ్లయింది, మళ్లీ రాయమన్నవాళ్లు లేరు. ఈసారి కూడా తప్పితే పేటలోకి నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన కోడలెవరో టీచరవుతుంది. ఆమెకు మంచినీళ్లందిస్తూ హెలెన్ రిటైరవ్వాలి. అది తలుచుకునే పరీక్షకు ఫీజు కట్టింది.

పక్కింటి పావని డిగ్రీ చదువుతోంది. సాయంత్రాలు అరుగు మీద పాఠం చెప్పేది.

"గివ్ అప్ అంటే మానేయడం. పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం. ఏదక్కా, చెప్పు."

"గివ్... ఆఫ్?"

"మానేస్తావో, వాయిదా వేస్తావో ముందు నువ్వు తేల్చుకో అక్కా!"

హెలెన్ నవ్వేది గానీ లోపల గుబులే. పుస్తకం తెరిస్తే చాలు, కళ్లు మూతలు పడేవి. బుర్ర లేక కాదు. ఆ వైపు ఆడవాళ్లు కబుర్లాడినా టీవీ చూసినా చేతిలో లేసు అల్లిక సాగుతూనే ఉంటుంది. చిన్నప్పుడు అమ్మ సూది చేతికిచ్చిన నాటి నుంచి హెలెన్ చేతులు ఊరికే ఉన్నది లేదు. పుస్తకం పట్టుకుని కదలకుండా కూర్చోవడం ఆమెకు పని ఎగ్గొట్టినట్టుండేది.

ఒకనాడు విసుగొచ్చి పుస్తకం పక్కన పెట్టి సూది తీసింది. "నువ్వు చదువు పావనీ, నేను అల్లుకుంటూ అంటాను."

విచిత్రం, మాటలు అతుక్కున్నాయి. దారం ఒకసారి లాగితే ఎట్ ద బస్టాండ్. ఇంకోసారి లాగితే ఆన్ ద టేబుల్. లుక్ ఫర్ ఒక పువ్వు, లుక్ ఆఫ్టర్ దాని పక్క పువ్వు. చలికాలం వచ్చేసరికి పెద్ద టేబుల్ క్లాత్ తయారైంది, పుస్తకంలో సగం నోటికొచ్చింది.

"మా ఆవిడ గుడ్డ అల్లుతోందో డిక్షనరీ అల్లుతోందో తెలవట్లేదండీ" అని ఆమె భర్త శ్యాంబాబు ఆటో ఎక్కినవాళ్లందరికీ చెప్పేవాడు.

"ఇన్నేళ్లు ఆటో తోలి నువ్వేం నేర్చుకున్నావు?" అనేవారు వాళ్లు.

"హారన్ కొట్టడం. ఆయ్, అది మాత్రం గట్టిగా వచ్చండి మనకి!"

పరీక్ష పాలకొల్లులో. హాలు నిండా మీసాలు మొలుస్తున్న కుర్రాళ్లు. హెలెన్ పేపరు తిప్పింది. ఖాళీలు పూరించండి. ఒక్కటీ తట్టలేదు. కుడిచేతిలో పెన్ను ఉంది, ఎడమచెయ్యి బల్ల మీద చచ్చినట్టు పడి ఉంది. ఎన్ని నెలలు చదివినా చేతులు ఆడుతుండగానే చదివింది తప్ప, ఇలా కూర్చుని ఒక్కపూటైనా రాసి చూసుకోలేదు. ఆ మాట ముందే ఎందుకు తోచలేదా అని తనని తానే తిట్టుకుంది.

తెలియకుండానే కొంగు చివరి దారాలు వేలికి చుట్టుకుని లాగడం మొదలుపెట్టింది. మొదటి మాట వచ్చింది. రెండోది వస్తుండగా ఇన్విజిలేటర్ మేడం వచ్చి నిలబడింది.

"ఏంటమ్మా ఆ కొంగులో? స్లిప్పులా?"

"ఏం లేదండి."

"లే. దులుపు."

హెలెన్ లేచి కొంగు దులిపింది. వెనక కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. నేల మీద ఏమీ రాలలేదు.

"లేసు అల్లుతూ చదివానండి. చెయ్యి ఆడకపోతే గుర్తు రాదండి."

"బావుంది. ఇక్కడ అల్లికలు కుదరవు. చేతులు బల్ల మీద పెట్టుకుని రాసుకో."

కూర్చుంది. పేపరిచ్చేసి ఇంటికి పోదామనుకుంది. పోతే ఎవరూ ఏమీ అనరు, పాపం అనుకుంటారు. ఆ పాపం అనడమే ఆమెకు సయించలేదు. పెన్ను తీసి, రఫ్ పేజీలో చిన్న సున్న చుట్టింది. దానికి తగిలించి ఇంకోటి. గొలుసులా వరస సాగింది. దాంతోపాటే మాటలూ కదిలాయి. మేడం ఒకసారి తొంగి చూసి, పక్క వరసలోకి వెళ్లిపోయింది. ఖాళీలన్నీ నిండాయి. బెల్లు కొట్టేసరికి చివర్లో రాయమన్న ఉత్తరం మాత్రం సగంలో ఆగిపోయింది.

ఫలితాలు పావని ఫోన్లో చూసి అరిచింది. "గట్టెక్కావక్కా!"

"ఎన్నొచ్చాయేంటి?" అన్నాడు శ్యాంబాబు.

"సరిపడా" అంది హెలెన్.

బడులు తెరిచాక ఆమె టీచరుగా సెంటరుకి వెళ్లింది. కొత్త ఆయా ఇంకా రాలేదు. పిల్లలు అలవాటుగా "ఆయా" అనే పిలిచారు, ఆమె అలవాటుగానే పలికింది. హాజరు వేసి, ఎసరు పెట్టి, ఏడుస్తున్నవాణ్ణి చంకనేసుకుంది. టీచరు కుర్చీలో కూర్చోవడానికి ఆ రోజు తీరిక దొరకలేదు.