పదికి ఎనిమిది

ఆ రోజుల్లో మా ఈడు కుర్రాళ్లు ఉద్యోగం వచ్చాక బండి కొనేవారు. నాకు మాత్రం బండి కొంటేనే ఉద్యోగం ఇస్తామన్నారు. సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి పంపితే అదే వార్త అయిపోయే కాలం ఇంకా రాలేదు. వార్త దగ్గరికి మనిషి వెళ్లాలి, వెళ్లిన మనిషి సాయంత్రం నాలుగింటికల్లా పటమటలో ఉన్న మా పత్రిక ఆఫీసుకి తిరిగి రావాలి. బందరు రోడ్డు మీద కంకిపాడు నుంచి పామర్రు దాకా ఉన్న ఊళ్లు నాకు అప్పగించారు. ఆరు నెలలు చూస్తాం, పనికొస్తే ఉంచుకుంటాం, లేకపోతే లేదు అన్నది ఒప్పందం. మా బ్యూరో చీఫ్ గారు (వెనకాల ఆయన్ని ‘పెద్దాయన’ అనేవాళ్లం, నిజానికి అప్పుడాయనకి నలభై రెండేళ్లే) మొదటి రోజే సంగతి తేల్చేశారు. నాకన్నా ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడు చక్కగా రాసేవాడట. కానీ వాడి బండి ఎప్పుడూ రిపేరులోనే ఉండేదట. “తెలుగైతే నేను దిద్దుకుంటానయ్యా, బండిని నేను తొయ్యలేను కదా” అన్నారు. అందుకే వాణ్ణి ఇంటికి పంపేశారు.

మా నాన్న మగ్గాల మీద చీరలు నేయించి అమ్మే మనిషి. రంగు వెలిస్తే చీర వెనక్కి తీసుకుంటాం అన్న ఒక్క మాట మీద మా ఇంటి వ్యాపారం ముప్పై ఏళ్లు నడిచింది. అలాంటి మాటనే అచ్చేయించి, పుస్తకంగా కుట్టి చేతిలో పెట్టే కంపెనీ అంటే ఆయనకి గురి కుదిరింది. సెకండ్ హ్యాండ్ బండి చాలంటున్నా వినకుండా పెద్ద షోరూమ్‌కి (పేరు ఎందుకు లెండి) తీసుకెళ్లి కొత్తది కొనిచ్చారు. దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. షోరూమ్‌వాళ్లు ట్యాంకు మీద ఎంత పాలిష్ పట్టించారంటే అందులో చూసుకుని తల దువ్వుకున్నాను. వారంటీ పుస్తకాన్ని నాన్న పొలం దస్తావేజుల పక్కన బీరువాలో దాచుకుని, బయటి మెకానిక్ చేత ఒక్క మరైనా తిప్పించావో చూడు అని నన్ను హెచ్చరించి బస్సెక్కారు.

నాలుగో రోజు ఉయ్యూరు దగ్గర బండి ఆగింది. దగ్గడం, తుమ్మడం లాంటి ముందస్తు కబురేమీ లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోయిన ముసలాయన మాదిరిగా ఊరికే ఆగిపోయింది. దిగి, పెట్రోలు ఉందా అని మూత తీసి చూసి, ఉందని తెలిసి మరింత దిగులుపడి, కాలువ గట్టు మీద కూర్చున్నాను. పావుగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. అది మొదలు వారానికి రెండు మూడుసార్లు ఇదే తంతు. మన డెల్టాలో రోడ్డు పక్కన ఆగిన బండి ఊరందరి ఆస్తి. సైకిలు మీద పోయేవాడూ, చెరుకు బండి తోలేవాడూ, గేదెల్ని కడుగుతున్నావిడా వచ్చి తలో కారణం చెప్పేవారు. ప్లగ్గన్నారు, కార్బొరేటరన్నారు. ఆషాఢంలో కొన్నారేమో గుర్తు చేసుకోండి అన్నారు ఒక పెద్దావిడ. కారణాలు అయిపోయాక మనిషికి కబుర్లు మొదలవుతాయి. కాలువ చివరి పొలాలకి నీళ్లు అందడం లేదనీ, వంతెన పిట్టగోడ విరిగి ఏడాదైందనీ, బడిలో మాస్టారు రెండు నెలలుగా రావడం లేదనీ చెప్పేవారు. నేను పామర్రు చేరేసరికి అక్కడి సభ అయిపోయి కుర్చీలు ఎత్తేస్తుండేవారు. చేసేదేమీ లేక గట్టు మీద విన్నవే వివరాలు కనుక్కుని రాసి ఇచ్చేవాణ్ణి. బండి సంగతి మాత్రం ఆఫీసులో పొక్కనివ్వలేదు. చెబితే ఆ కుర్చీలోంచి ఇంటికి పోయిన రెండోవాణ్ణవుతాను.

ఇక షోరూమ్. అక్కడ సర్వీసు అడ్వైజరని ఒకాయన ఉండేవారు. మనిషి మంచివాడు, టై కట్టుకుని ఎండలో కూడా నవ్వేవాడు. ఏమడిగినా “అయిపోతుందండీ” అనేవాడు కాబట్టి నేనాయనకి అదే పేరు పెట్టుకున్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు బండి ఆగిపోతోందని చెబితే జాబ్ కార్డు మీద ‘ఆగిపోతోందని కస్టమర్ అంటున్నారు’ అని రాశారు. (పాతికేళ్లు పత్రికల్లో పనిచేశాను, ఒక మనిషి మాటని అంత మర్యాదగా అనుమానించడం మళ్లీ ఎక్కడా చూడలేదు.) నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. అద్దం అవతల ఒకతను నా బండి వేసుకుని సందు చివరి కిళ్లీ కొట్టు దాకా వెళ్లి వచ్చి తల అడ్డంగా ఊపాడు. అది ఆగాలంటే అరగంట నడవాలి, కనీసం ఉయ్యూరు దాకా తోలండి అన్నాను. “అంత దూరం మాకు పర్మిషన్ లేదండీ, అయినా అయిపోతుందండీ” అన్నారు అయిపోతుందండీ గారు. సాయంత్రానికి బండి కడిగి, మళ్లీ తళతళలాడేలా పాలిష్ పట్టించి ఇచ్చారు. మర్నాడు ఆగింది. ఇలా నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ పాలిష్ పట్టించుకుని వచ్చాను. ఆగిపోయే బండ్లలో అంత అందమైనది జిల్లాలో ఇంకోటి లేదు.

బండి ఇచ్చేటప్పుడు ప్రతిసారీ ఆయన గేటు దాకా వచ్చి గొంతు తగ్గించి ఒక కోరిక కోరేవారు. హెడ్డాఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేస్తుంది, సర్వీసుకి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడుగుతుంది, దయచేసి పది వెయ్యండి. “తొమ్మిదేసినా మాకు ఫెయిలేనండీ” అనేవారు. నన్ను అండీ అన్న మనిషి, రెండు టీలు తాగించిన మనిషి, గేటు దాకా సాగనంపిన మనిషి. ఆ అమ్మాయి నా సెల్‌కి ఫోన్ చేసినప్పుడు నేను కాలువ గట్టు మీద, ఆగిపోయిన బండి పక్కన నిలబడి ఉండేవాణ్ణి. అక్కడి నుంచే “పదండీ” అనేవాణ్ణి. ఇంకేమైనా చెబుతారా అంటే, బాగా చూసుకున్నారండీ అని కూడా అనేవాణ్ణి. మొహమాటం మీద మనకో సామెత ఉంది, పెద్దల ముందు దాన్ని సగంలో ఆపేస్తారు. ఆ మిగతా సగమే నా పరిస్థితి.

ఐదో నెల చివర్లో పౌరుషం వచ్చి సర్వీసు మేనేజర్ గదిలోకి దూసుకెళ్లాను. పత్రికవాణ్ణన్న ధీమా కూడా కాస్త చూపించాను. ఆయన ఓపిగ్గా విని, కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు. నాలుగు తేదీలు, నాలుగు పదులు, ఒక్కోదాని పక్కన ‘బాగా చూసుకున్నారు’. “మా బ్రాంచి మొత్తానికి మీ అంత సంతోషంగా ఉన్న కస్టమర్ లేరండీ” అన్నారు. అందులో వెటకారమేమీ లేదు, అదే నన్ను చంపింది. థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. ఐదోసారి పాలిష్ పట్టించి ఇచ్చారు.

ఈసారి నిజం చెప్పితీరాలనుకున్నాను. రెండు వేద్దామని దారంతా నోట్లోనే అనుకుంటూ వచ్చాను. ఫోన్ మోగింది. ఆ అమ్మాయి గొంతు ఎంత మెత్తగా ఉందంటే, రెండు అనబోయి నాలుగనుకున్నాను, నాలుగంటే నొచ్చుకుంటుందేమోనని ఆరనుకున్నాను. చివరికి కళ్లు మూసుకుని, జీవితంలో మొదటిసారి ఒకళ్ల ముఖాన కఠినంగా “ఎనిమిదండీ” అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం నేను వార్త రాసుకుంటుంటే షోరూమ్ నుంచి ముగ్గురు మా ఆఫీసులోకి వచ్చారు. మేనేజరు, అయిపోతుందండీ గారు, ఖాకీ చొక్కా వేసుకున్న హెడ్ మెకానిక్. చేతిలో స్వీట్ల డబ్బా. ఎనిమిదేసిన కస్టమర్ ఎక్కడున్నారని గుమ్మంలోనే అడిగారు. నేను లేచేలోపు పెద్దాయన వాళ్లని కూర్చోబెట్టి విషయం కనుక్కున్నారు. బండి ఐదుసార్లు సర్వీసుకి వచ్చిందని, ఉయ్యూరు దారిలో ఆగిపోతోందని కస్టమర్ అంటున్నారని మేనేజరు పూసగుచ్చినట్టు చెప్పేశారు. నా ఉద్యోగం ఆ స్వీట్ల డబ్బా పక్కనే బల్ల మీద పెట్టినట్టనిపించింది.

పెద్దాయన నా వైపు తిరిగి, ఎన్నాళ్ల నుంచి అని అడిగారు. నాలుగో రోజు నుంచి అన్నాను. ఆయన పాత పేపర్ల ఫైలు తెప్పించి తిరగేశారు. పిట్టగోడ వార్త, బడి వార్త, కాలువ చివరి పొలాల వార్త. ఒక్కో వార్త మీద వేలు పెట్టి “ఇక్కడా ఆగిందా?” అని అడిగారు, నేను ఆగిందండీ అంటూ పోయాను. నేను మీటింగుల కోసం ఎగబడకుండా ఊరూరూ తిరుగుతున్నానని హైదరాబాదుకి మెచ్చుకుంటూ రాశారట. “తిరుగుతున్నావనుకున్నానయ్యా, ఆగుతున్నావన్నమాట” అన్నారు. ఇంటికి పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. ముందు బండి బాగుచేయించుకో, గడువింకా ఉంది కదా, చూద్దాం అన్నారు.

ఆ పూటే హెడ్ మెకానిక్ నా వెనక కూర్చుని ఉయ్యూరు దాకా వచ్చాడు. బండి మర్యాదగా ఆగింది. నేను అలవాటు కొద్దీ పెట్రోలు మూత తీయబోతుంటే ఉండమని, చెవి ట్యాంకుకి ఆనించి, అప్పుడు తనే మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు నాకూ వినపడింది. మూతకి సూది మొనంత గాలి రంధ్రం ఉంటుందట. అందులోంచి గాలి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుందట. ఆ రంధ్రం నిండా గడ్డకట్టిన పాలిష్ ఉంది. కొన్న రోజున పట్టించింది కొంత, ఐదు సర్వీసుల్లో పట్టించింది కొంత. గట్టు మీద ఇన్నాళ్లూ పావుగంట విశ్రాంతితో బండి లేచిందనుకున్నాను, లేపింది నేను మూత తీసి చూడడం. గుండుసూదితో నిమిషంలో పని అయిపోయింది.

ఆ తర్వాత బండి ఒక్కసారీ ఆగలేదు. పటమటలో ఎక్కితే పామర్రులో దిగేవాణ్ణి. సభలకి అందరికంటే ముందు చేరి, అందరూ రాసిందే రాసేవాణ్ణి. మూడో వారంలో పెద్దాయన నేను రాసిచ్చింది పక్కన పెట్టి, ఊళ్లన్నీ ఏమైపోయాయయ్యా అని అడిగారు. గడువుకి ఇంకా పన్నెండు రోజులుంది. దారిలో దిగి పెన్నూ పుస్తకమూ తీసి చూశాను. పత్రికవాడనగానే ప్రతివాళ్లూ అంతా బాగానే ఉందండీ అన్నారు. మర్నాడు ఉయ్యూరు దాటాక తాళం తిప్పి బండి ఆపేశాను. దిగి, ఇంజన్ ముందు గొంతుక్కూర్చుని, దిగులు మొహం పెట్టాను. రెండు నిమిషాల్లో పంచె కట్టుకున్న ఒకాయన సైకిలు స్టాండు వేసి వచ్చారు.

“ఏమైందండీ?”

“ఏంటోనండీ, ఉన్నట్టుండి ఆగిపోయింది.”

ఆయన నా చేత సామాను తీయించి, ప్లగ్గు విప్పి, పంచె అంచుతో తుడుస్తూ తుడుస్తూ వాళ్ల ఊరి మంచినీళ్ల చెరువు సంగతి మొత్తం చెప్పారు. మర్నాడు అది జిల్లా పేజీలో పైన వచ్చింది. పన్నెండు రోజుల్లో బండి తొమ్మిదిసార్లు అలా ‘పాడైంది’. ఉద్యోగం ఖాయమైంది. ఆరోగ్యంగా ఉన్న బండి పక్కన ఎండలో కూర్చుని దొంగ దిగులు పడుతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తాడు. ఆ మొదటి రోజు ఆ సైకిలాయన ప్లగ్గు బిగించాక కిక్కు కొట్టాను, ఒక్క దెబ్బకి స్టార్టయింది. ఐదుసార్లు కంపెనీకి తీసుకెళ్లానండీ అని కూడా చెప్పి ఉన్నానేమో, ఆయన మొహం వెలిగిపోయింది. ఇక నిజం చెప్పడానికి నోరు రాలేదు. కంపెనీవాళ్లకి చేతకాని బండిని తాను గట్టు మీద బాగుచేశానని ఆయన ఎంతమందికి చెప్పుకున్నారో. చెప్పుకోనివ్వండి.