చేపల బండిలో చప్పుడు

మొన్న మా అల్లుడు కొత్తగా కొన్న కారులో నన్ను సూళ్లూరుపేటలో ఒక పెళ్లికి తీసుకుపోయాడు. అద్దాలు బిగించి, చల్లగాలి పెట్టి, మెత్తటి సీట్లో కూర్చోబెట్టాడు పాపం, మర్యాదకు ఏ లోటూ చేయలేదు. కానీ గూడూరు దాటకముందే నాకు కాళ్లూ చేతులూ ఆడక, కాసేపు అద్దం దించమని, కాసేపు ఎత్తమని అతన్ని విసిగించి వదిలిపెట్టాను. నడుస్తున్నదో నిలబడి ఉన్నదో తెలియని బండి కూడా ఒక బండేనా? బండి అన్నాక ఎక్కడో ఒకచోట మోగాలి, మోగకపోతే నాకు గుండెదడ. ఈ జబ్బు నాకు ఎక్కడ అంటుకుందో నా ఈడు వాళ్లకు చెప్పుకుంటే తప్ప తీరేలా లేదు.

మాది విడవలూరు వైపు, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న పల్లె. నా పెళ్లయిన కొత్తలో మా ఆయన ఒక పాత పికప్ బండి కొన్నాడు. తెల్లవారగానే ఒడ్డున పడవల దగ్గర చేపలు ఎత్తుకుని, పైన ఐసు కొట్టి పోసి, నెల్లూరు మార్కెట్టుకు తోలేవాడు. తూకం దగ్గర గట్టిగా నోరు చేసుకునే మనిషి ఒకరు ఉండాలి. ఆయనకు ఆ నోరు లేదు, నాకేమో దేవుడు ఇద్దరి వంతు ఇచ్చాడు, అందుకని పక్క సీటు నాదయింది. ఇంట్లో అత్తా మామా, మరిదీ ఆడబిడ్డా, రెండు గదులు; మొగుడూ పెళ్లాం ఒక మాట అనుకోవాలంటే గోడలన్నీ చెవులే. ఆ సీట్లో కూర్చుంటేనే ఆయన నా మొగుడు. నెల్లూరు దాకా నేను వాగుతూనే ఉండేదాన్ని, ఆయన ఊ కొడుతూ తోలేవాడు. తిరుగు ప్రయాణంలో మాత్రం అలిసిపోయి, నోరు తెరుచుకుని నిద్రపోయేదాన్ని.

ఒక ఎండాకాలం మొదట్లో, లోడుతో కాలవ వంతెన ఎక్కుతుండగా వెనకనుంచి 'దడుక్' మని వినపడింది. ఏంటది అంటే, ఏముంది, రోడ్డు బాగలేదన్నాడు. మర్నాడు గుంత వస్తే దడుక్, మలుపు తిరిగితే దడుక్. ఇక నాకు కుదురు లేదు. జాకీ అనుకుని జాకీని ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను, చీరంతా గ్రీజు అయిందే గానీ చప్పుడు పోలేదు. ఐసు కొట్టే కొయ్య సుత్తిని ఇంట్లోనే పెట్టి వచ్చి, ఆరోజు ఐసు కొట్టడానికి రాయి కోసం ఒడ్డంతా వెతికాను. వెనక తలుపు గొలుసుకు మా అత్త పాత చీర చించి చుట్టినందుకు ఆవిడ చేత చివాట్లు తిన్నాను. అన్నం తింటున్నా, నీళ్లు తోడుతున్నా నా చెవుల్లో అదే దడుక్. మా ఆయన మాత్రం, నీ భ్రమే అది, అని ఒక్క మాటతో తేల్చేసేవాడు.

నెల్లూరులో మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉండేవాడు, అందరూ భాయ్ అని పిలిచేవాళ్లు. ఆయన దగ్గరకు పోదామని నేనే పోరు పెట్టాను. అయితే మా అత్తకు ఒక నియమం ఉండేది. చేపల బండి ఒకరి గడపకు పోవాలంటే లోడు దించి, ఇసకతో రుద్ది, చింతపండు నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి గానీ పోకూడదు. మన చేప మనకు లక్ష్మి, ఊరోళ్లకు నీసు, అనేది ఆవిడ. అలాగే ఖాళీ బండిని పెళ్లికూతుర్ని చేసినట్టు ముస్తాబు చేసి తీసుకుపోయాం. భాయ్ వీధి చివరిదాకా తోలి, కిందికి దూరి చూసి, ఏమీ లేదమ్మా అని పంపేశాడు. నిజంగానే, ఎంత చెవి ఒగ్గినా అప్పుడు చప్పుడు లేదు. కొన్నాళ్లకు మళ్లీ కడిగి తీసుకుపోయినా అంతే.

దాంతో ఇంట్లో మొదలైంది. "లేని సప్పుడు ఇనపడతా ఉండాదంటే దీనికేదో గాలి సోకినట్టే. ఇంట్లో ఉండనీ, చిన్నోడు పోతాళ్లే బండి మీద" అని మా అత్త తీర్పు చెప్పేసి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి కూడా తీసింది. మా ఆయన 'నాకూ వినపడింది' అని ఒక్క ముక్క అంటే నా సీటు నాకుండేది. ఆయనేమో తల వంచుకుని అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వారం తిరిగితే మరిది ఎక్కుతాడు, నేను ఆడబిడ్డతో కలిసి బియ్యంలో రాళ్లేరుకుంటూ ఉండాలి.

ఆ వారం ఆఖరి లోడు వేసుకుని పోతున్నాం.  వంతెన దగ్గర దడుక్ మనగానే, ఇది పోయేటప్పుడే గానీ వచ్చేటప్పుడు నన్ను ఒక్కనాడూ నిద్ర లేపలేదే అని తట్టింది. బరువుంటేనే మోగుతుంది! మర్యాద మర్యాద అంటూ మేమే చప్పుణ్ణి దించేసి, కడిగేసి, ఉత్త బండిని చూపిస్తున్నాం. మార్కెట్టుకు కాదు, ఇట్టే భాయ్ దగ్గరకు పోనీయమన్నాను. నీళ్లు కారుతున్న బండితోనా, అమ్మకు తెలిస్తే చంపతాది, అన్నాడు. "పోనిస్తావా, దిగి నడవమంటావా?" అన్నాను.

ఐసు నీళ్లు ధారగా కారుతుంటే, ఈగల గుంపును వెంటేసుకుని షెడ్డు ముందు ఆగాం. భాయ్ ముక్కుకు తువ్వాలు కట్టుకుని బండి ఎక్కాడు, మొదటి గుంతలోనే ఆపేశాడు. కారే నీసు నీళ్లన్నీ నెత్తిన పడుతున్నా కిందికి దూరి చూశాడు. వెనక చక్రాల మీద బరువు మోసే కమాను కట్టలో పెద్ద పట్టీ విరిగిపోయిందట, బరువు పడితేనే కొట్టుకుంటుందట, ఇంకొన్నాళ్లు ఇలాగే తోలితే ఇరుసు పక్కకు జరిగి బండి కాలవలో ఉండేదట. అంతా చెప్పి మా ఆయన వైపు తిరిగి, "ఏందన్నా, ఇంత సప్పుడు వస్తా ఉంటే నీకు ఇనపడలా?" అన్నాడు.

చెప్పానా లేదా అని అరవడానికి నోరు తెరిచాను. అప్పుడు చూశాను మా ఆయన మొహం. ఆయన భాయ్ పెదవుల వంకే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా, బడిలో లెక్క రాని పిల్లాడిలా. వెనకనుంచి పిలిస్తే పలకకపోవడం, తూకం దగ్గర బెల్లంకొట్టిన రాయిలా నిలబడడం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. 

"ఈయనకు ఇనపడింది లే భాయ్, నేను బయపడతానని నాకు చెప్పలా" అన్నాను. ఇంటికొచ్చి మా అత్తకూ అదే చెప్పాను.

ఆరోజు తిరుగుదారిలో నేను నిద్రపోలేదు. కాలవ గట్టు మీద ఆయన బండి ఆపి, స్టీరింగు వంక చూస్తూ చెప్పాడు. "ఎడం చెవి ఎప్పుడో పోయిందిమే. కుడిది కూడా తగ్గతా ఉండాది. చిన్నోడు ఎక్కితే తెలిసిపోతాది, ఇంక నన్ను తోలనీరు." నాతోనైనా చెప్పకూడదా అని తిట్టాను, ఏడ్చాను, మళ్లీ తిట్టాను. ఆ తర్వాత బండి అమ్మేదాకా ఆ సీట్లోకి ఎవర్నీ రానివ్వలేదు. వెనక హారను మోగితే మోచేతి మీద తట్టేదాన్ని, లారీ అయితే గిచ్చేదాన్ని.

కానీ ఎడం చెవి అంటే నా వైపు చెవి. మా అమ్మ పోయినప్పుడు నాలో నేను కుమిలిందీ, కడుపులో పిల్ల పడిన సంగతి అందరికంటే ముందు చెప్పిందీ, అత్త మీద చాడీలూ, ఇంకెవరికీ చెప్పుకోలేనివీ అన్నీ ఆ చెవికే చెప్పాను. అన్నిటికీ ఊ అన్నాడు. ఎన్ని విన్నాడో, ఎన్ని విననేలేదో అడుగుదామనుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి, ఆయనా పోయాడు. ఇప్పటి బండ్లలో గుసగుసలాడినా వినపడుతుంది, కానీ ఎక్కినవాళ్లు ఎవరి చెవుల్లో వాళ్లు ఏవో పెట్టుకుని కూర్చుంటారు, నా మాట సగంలో ఉండగానే ఆ వింటున్నాంలే అంటారు. వింటారు కూడా, కాదనను. చెప్పుకోవడానికి మాత్రం, ఆ వినపడని చెవి లాంటిది నాకు మళ్లీ దొరకలేదు.