పుంగనూరు బస్సులో చదివిన నవల

మా కాలేజీలో ఆడపిల్లలకు పుస్తకాలు ఇచ్చేవారు. పుస్తకాలున్న అలమరాల దగ్గరికి మాత్రం పోనిచ్చేవారు కాదు. డెబ్బైల చివర్లో నేను మదనపల్లెలో బి.ఎ. మొదటి సంవత్సరం చేరినప్పటి సంగతి ఇది. మగపిల్లలు లైబ్రరీలో అలమరాల మధ్య తిరిగి, ఒక పుస్తకం తీసి, నాలుగు పేజీలు తిప్పి, నచ్చకపోతే పెట్టేసి ఇంకొకటి తీసుకునేవారు. మేము ఆడపిల్లల గదిలో కూర్చుని, కావలసిన పుస్తకం పేరు చీటీ మీద రాసి అటెండరుకు ఇవ్వాలి. చూడని పుస్తకం పేరు ఎట్లా రాస్తాం? ఈ మాట మొదటి వారమే అడిగాను.

"ఏందో ఒగటి రాయమ్మా. నా సేతికి అందింది తెచ్చిస్తా" అన్నాడు అటెండరు.

పాపం, ఆయన పొట్టి మనిషి. ఆయన చేతికి అందే కింది అరల్లో ఏముంటే అదే మా సాహిత్యం. పై అరల్లో ఏముండేదో మూడేళ్లు చదివి కూడా నాకు తెలియలేదు. రీడింగు రూము ఉండేది కానీ అది క్లాసులన్నీ అయిపోయాక తెరిచేవారు. అదే వేళకు నేను ఇంటికి పోయే పుంగనూరు బస్సు కదిలేది.

కొత్తగా చేరినవాళ్లను ఉత్సాహపరచడానికి ఆ ఏడాది ఒక వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం స్త్రీ విద్య. అది కావాలని కొందరు మాట్లాడారు, వద్దని కొందరు మాట్లాడారు, అందరూ మగపిల్లలే. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను పేరు ఇవ్వడానికి పోతే పోటీ జరిపే లెక్చరర్ గారు నవ్వి, "వినేవాళ్లు కూడా ఉండాల గదమ్మా" అన్నారు. మా గురించి వాళ్లు కొట్లాడుకుంటుంటే మేము చప్పట్లు కొట్టాలి. స్త్రీ విద్య వద్దన్న కుర్రవాడికే మొదటి బహుమతి వచ్చింది. బాగా మాట్లాడాడట.

మా ఊరు కుప్పం దగ్గర. చదువు కోసం పుంగనూరులో మా పిన్నమ్మ ఇంట్లో ఉండి, రోజూ మదనపల్లెకు బస్సులో పోయివచ్చేదాన్ని. అట్లా పోయివచ్చే ఆడపిల్లలం నలుగురం ఉండేవాళ్లం. వారానికి మా చేతికి వచ్చేది ఒకే పుస్తకం, అదీ ఒకే ప్రతి. ఒకరి తర్వాత ఒకరు చదువుకుంటే నాలుగోదానికి అందేలోపల తిరిగి ఇచ్చేయాలి. అందుకని ఇంటికి వచ్చే బస్సులో ఒకరు పైకి చదవడం, మిగిలినవాళ్లు వినడం అలవాటు చేసుకున్నాం.

మొదట నేను చదివాను. నా మాటలో కుప్పం యాస, దాంట్లో కొంత అరవం, కొంత కన్నడం. "నీది తెలుగేనా మే? ఈ పుస్తకం నువ్వు సదివితే రాసినాయనకే అర్తం గాదు" అని ముగ్గురూ నవ్వి నా చేతిలోంచి లాక్కున్నారు. చివరికి పుంగనూరు పిల్ల ఒకతె చదవడం మొదలుపెట్టింది. వాళ్లది ఊరి చివర భూములున్న రైతు కుటుంబం. ఇంట్లో గడప దాటని గొంతు బస్సులో ఇంజను మోతను దాటిపోయేది. కోపం ఉన్నచోట కోపం, ఏడుపు ఉన్నచోట ఏడుపు. తానే ఆ మనిషి అన్నట్టు చదివేది.

ఆడవాళ్ల సీట్లు ముందర, మగవాళ్లవి వెనక. కొన్నాళ్లకు మేము గమనించింది ఏమిటంటే, వెనక మాటలు ఆగిపోతున్నాయి. టమోటా గంపలు దించి వట్టి చేతులతో తిరిగి పోయే రైతులు, గోడలు కట్టే బేల్దారి పనివాళ్లు, గుమస్తాలు, అందరూ వింటున్నారు.

"ఇంగ కొంచెం గెట్టిగా సదువమ్మా, ఎనకాలకు ఇనపళ్ళే" అని ఎవరో అన్నారు ఒకరోజు.

"టిక్కెట్టు తీసుకోండప్పా ముందు, కత యాడికీ పోదు" అని కండక్టరు.

"హారను కొట్టొద్దని సెప్పయ్యా ఆ డ్రైవరుకు, ఈడ కతలో పెండ్లి మాటలు జరగతాండాయి!" అని ఇంకొకరు.

నాకు ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. కాలేజీ మాకు ఒక బల్ల, ఒక కిటికీ ఇవ్వడానికి లెక్కలు చూసుకుంటుంటే, మేము ఒక బస్సు నిండా చదివే జనాన్ని తయారుచేశాం.

అటువంటప్పుడు ఒక లావుపాటి నవల వచ్చింది. వారంలో అయ్యేది కాదని, మళ్లీ మళ్లీ చీటీ రాసి దాన్నే ఉంచుకున్నాం. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. రాసిందెవరో కూడా తెలియదు. కథంతా ఒక అమ్మాయి తన నోటితో చెప్పుకున్నట్టు ఉంటుంది. పెళ్లి చేసుకోమని ఇంట్లో ఒత్తిడి చేస్తుంటే ఆమె ఎదురు తిరుగుతుంది. "నేను ఈ పెళ్లి చేసుకోను. బలవంతం చేస్తే ఈ ఇంట్లో ఉండను, వెళ్లిపోతాను" అంటుంది. మా పుంగనూరు పిల్ల ఆ పేజీలు చదువుతుంటే బస్సులో ఆడవాళ్లు చీర చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

దారిలో ఒక పెద్దాయన ఎక్కేవాడు. ఆయన పొలం ఒక ఊళ్లో, ఇల్లు ఇంకో ఊళ్లో. సాయంత్రం పొలం పని చూసుకుని ఎక్కి, పుంగనూరు రాకముందే దిగిపోయేవాడు. ఆయన ఎక్కేసరికి చదువు సగంలో ఉండేది, దిగేసరికి ఇంకా సాగుతూ ఉండేది. వెనక జనంలో నిలబడేవాడు కనుక ఆయనకు వినబడేది గొంతు, కనబడేది జడ. చేతిలో పుస్తకం ఉందని ఆయనకు తెలియదు. ఒక పిల్ల రోజూ బస్సులో తన ఇంటి గొడవ తన స్నేహితురాళ్లకు చెప్పుకుంటోందని అనుకున్నాడు. ఆ పిల్ల ఎవరి బిడ్డో బస్సులో పుంగనూరు వాళ్లను అడిగి తెలుసుకున్నాడు. పుంగనూరు సంతలో ఆమె నాయన కనబడితే పక్కకు పిలిచాడు.

"ఏమప్పా, నీ కూతురు పెండ్లి వద్దు, ఇల్లిడిసి పోతానంటాండాదే. బస్సులో అందురి ముందర సెప్పుకుంటాండాది. నీకు తెలుసునా?"

మరుసటి రోజు పొద్దున ఆ పిల్ల బస్టాండుకు రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. మేము ముగ్గురం ఇంటికి పోతే వాళ్లమ్మ సందులోనే ఆపి జరిగింది చెప్పింది. నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ పిల్ల ఇంగ కాలేజీకి రాదు. మీరు పోండమ్మా" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. ఇంత చిన్న పొరపాటు, ఒక్క నిమిషంలో తేలిపోతుంది అనుకున్నాను. సంచిలోంచి నవల తీసి ఆ పేజీ తెరిచి ఇచ్చాను. "ఇది కత చిన్నాయనా. ఆ మాటలు దీంట్లో ఉండాయి. ఇదో, ఈడ సూడు."

ఆయనకు చదువు వచ్చు. వరస కింద వేలు పెట్టుకుని మెల్లగా చదివాడు. పేజీ తిప్పి అవతలిది కూడా చదివాడు. పుస్తకం మూసి నా చేతికి ఇచ్చాడు.

"కతే. తెలిసింది. అయితే ఏమి?"

"ఆ మాటలు మీ పాపవి కాదు గదా!"

"ఎవురివైతే ఏమి? ఆ పిల్ల నోట్లోనుంచి, బస్సు నిండా మొగోళ్ల ముందర వచ్చినాయి గదా. అది సాలు."

నేను చదువుకున్న తర్కం అంతా అక్కడ కూలిపోయింది. నేరమే జరగలేదని తేలినా శిక్ష నిలబడే న్యాయం అదే మొదటిసారి చూశాను. నాకు ఒళ్లు మండింది.

"మరి వీధినాటకంలో ఒగాయప్ప మీసాలు గొరిగించుకొని రాణి ఏసం కడతాడే, ఆయప్ప మొగుణ్ణి ఇడిసి పోతానని తెల్లార్లూ ఏడుస్తాడే, పొద్దున్నే ఆయప్పను ఇంట్లోనుంచి తోసేస్తారా?"

ఆయన తడుముకోలేదు. "ఆయప్ప మొగోడు" అన్నాడు.

లోపల గుమ్మం పక్కన నిలబడి మా పిల్ల అంతా వింటోంది.

మరునాడు కాలేజీలో ఆ లెక్చరర్ గారి దగ్గరికి పోయాను. స్త్రీ విద్య మీద పోటీ పెట్టిన మనిషి కదా, వచ్చి ఆ తండ్రికి నాలుగు మాటలు చెబుతాడని ఆశ. ఆయన అంతా విని, "బస్సులో నవలలు పైకి చదవడం ఏం పద్ధతమ్మా? మనసులో చదువుకోకూడదా?" అన్నారు. ఒక పుస్తకం నలుగురి మనసుల్లో ఒకేసారి ఎట్లా చదువుకోవాలో ఆయనే చెప్పాలి. తండ్రి పల్లెటూరి మనిషి, ఆయనను నేను సగం అర్థం చేసుకోగలను. వేదికల మీద మా చదువు కోసం గొంతు చించుకుని, మా గొంతు వినబడగానే చెవులు మూసుకునే ఈ పెద్దమనుషులను మాత్రం అప్పుడూ అర్థం చేసుకోలేదు, ఇప్పుడూ చేసుకోను.

ఆ సాయంత్రం బస్సులో పెద్దాయన ఎక్కగానే నేను సీట్లోంచి లేచి వెనక్కి తిరిగాను.

"పెద్దాయనా, నువ్వు సంతలో సెప్పిన మాటకు ఆ పిల్ల సదువు ఆగిపాయ."

"నేనేమన్నా అబద్దం సెప్పినానా? ఇనిందే సెప్పినా."

నవల ఎత్తి చూపించాను. "నువ్వు ఇనింది దీంట్లో కత."

బస్సంతా గొల్లున నవ్వింది. "రోజూ ఇంటాండావు గదప్పా, కతని తెలీలేదా నీకు?"

"నేనెక్కేలోపల మొదలుపెట్టేసింటారు. నేను దిగినంక అయిపోతాది. నాకెట్ల తెలిసేది?" అన్నాడాయన. ముఖం చిన్నబోయింది. "ఆ పిల్ల నాయనకు నేనే సెప్తా పద" అన్నాడు.

చెప్పినట్టే ఆ రోజు తన ఊళ్లో దిగకుండా పుంగనూరు దాకా వచ్చి, అరుగు ముందర నిలబడి, పొరపాటు నాది అని చెప్పాడు. నాయన మజ్జిగ ఇప్పించాడు, కూర్చోమన్నాడు, కానీ కూతుర్ని పంపుతానని అనలేదు. ఇదే నాకు మింగుడుపడనిది. సంతలో ఆ పెద్దాయన వేసిన నింద ఒక్క ముక్కతో చెల్లింది. ఇంటికి వచ్చి చెప్పిన సాక్ష్యం చెల్లలేదు. మనిషి అతనే, నోరు అదే. ఆడపిల్ల మీద చెడ్డ మాటకు ఎవరైనా సరిపోతారు, మంచి మాటకు ఎవరూ సరిపోరు.

తన పోరాటం మా పిల్ల తానే చేసింది. ఇంట్లో మాట్లాడడం మానేసింది. అన్నం తింటుంది, నీళ్లు తెస్తుంది, గొడ్లకు మేత వేస్తుంది. పిలిస్తే వస్తుంది, పలకదు. "నా నోరే గదా తప్పు సేసింది. ఈడ గూడా మూసుకుంటా" అని వాళ్లమ్మతో ఒక్కసారి చెప్పిందట, అంతే. నాయన మొదట పట్టించుకోలేదు. తర్వాత అరిచాడు. తర్వాత అరవడానికి కూడా తోచక, "ఏమన్నా అనవే" అని కూతురి వెంట తిరిగాడు. చివరికి దిగివచ్చాడు.

"పో. కాలేజీకి పో. బస్సులో మాత్రం నోరు తెరవద్దు."

ఆమె వచ్చింది. కిటికీ పక్కన కూర్చుంది. పుస్తకం మళ్లీ నా చేతికి వచ్చింది. కుప్పం యాసతో నేను చదువుతుంటే వెనకనుంచి ఒకటే గోల. "ఆ యమ్మ సదివితే కతలో మనుషులు కండ్లముందర కనపడ్రి. ఈ యమ్మ సదివితే సరుకుల పట్టీ మాదిరి ఉండాది!" మా పిల్ల పెదవులు బిగబట్టి కిటికీలోంచి బయటికి చూసేది. బస్సులో అంతమందికి ఇష్టమైన గొంతు అందరి మధ్యా మూగగా కూర్చుని ఉంది. తండ్రి ఇచ్చిన అనుమతి అది.

నవల చివరికి వచ్చింది. కథలోని అమ్మాయి బంధువులందరి ముందు నిలబడి తన మాట చెప్పే చోటు. నేను మొదటి వాక్యం చదివాను, రెండోది తడబడ్డాను. ఆమె చటుక్కున నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. చదివింది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపాడు. "నేను ఈ ఇంట్లో ఉండను" అన్న మాట ఈసారి ఇంకా గట్టిగా, తల ఎత్తి చదివింది.

అప్పుడే ఎక్కిన ఒకాయన, "ఎవురా పిల్ల? ఏందట్ల మాట్లాడతాండాది?" అన్నాడు.

"కతప్పా, కత! ఆ యమ్మ మాట గాదు" అని పెద్దాయన గట్టిగా అరిచాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అచ్చులో ఉన్న ఒక వాక్యం చదవడానికి ఒక ఆడపిల్ల పక్కన ఒక ముసలాయన సాక్షిగా నిలబడవలసి వచ్చింది. ఆయన మంచివాడే. ఆ మంచితనం అక్కడ అవసరం పడటమే అవమానం.

మా పిల్లకు ఆ సాయంత్రం ఏమి జరుగుతుందో అని మాకు భయం. మళ్లీ కాలేజీ మాన్పిస్తే ఈసారి ఇక రానివ్వరు. పొద్దున బస్టాండుకు నేను అందరికంటే ముందు పోయి నిలబడ్డాను. ఆమె వచ్చింది, చంకలో పుస్తకాలతో.

"మీ నాయనకు తెలిసిందా మే?"

"ఇంటికి పోతానే నేనే సెప్పినా. ఈపొద్దు బస్సులో సదివినా నాయనా, ఇంగా సదువుతా అని. సంతలో ఇంకొగురు సెప్పేదాకా నేనెందుకు ఉండేది?"

"ఏమన్నాడు?"

"బువ్వ తిను అన్నాడు, అంతే."

"ఒప్పుకున్నాడా మరి? నువ్వేమని అడిగితివి?"

ఆమె నా వైపు వింతగా చూసింది.

"నేను అడగలేదు మే. సెప్పినా."